లక్క చుక్క

బస్సు ఆత్మకూరు స్టాండు దాటి మొదటి గుంతలో పడగానే పెట్టె గల్లుమంది. రెబెకమ్మ ఒళ్ళో ఉన్న అట్టపెట్టెను రెండు చేతులతో అదిమి పట్టుకుని, ఇది నా పెట్టె కాదు, ముందు సీటు కింద ఎవరిదో పాలక్యాను మూత కదిలింది అని తనకు తాను నచ్చజెప్పుకుంది. రెండో గుంత వచ్చింది. ఈసారి గల్లుమని ఊరుకోలేదు, గలగలమంటూ ఈ మూల నుంచి ఆ మూలకు జారింది. పదకొండేళ్ళుగా పల్లెలో పోస్టాఫీసు నడుపుతున్న మనిషి, పార్సెలు చేత్తో ఎత్తి ఇది బెల్లం, ఇది పుస్తకాలు, ఇది మందుసీసా అని చెప్పగల మనిషి, ఈ రోజు తన ఒళ్ళో ఏముందో తెలిసీ అది ఏ గతిలో ఉందో తెలియక అరచేతుల చెమట చీరకు తుడుచుకుంటూ కూర్చుంది. కండక్టరు టికెట్టుకు రెండుసార్లు అడగవలసి వచ్చింది.

లోపల ఉన్నవి నలభై గ్లాసులు. బయలుదేరినప్పుడు నలభై. వేలెడంత గాజు గ్లాసులు, నెలకొకసారి బల్ల ఆదివారం నాడు చర్చిలో ద్రాక్షరసం పోసి తలా ఒకటి ఇచ్చేవి. ఎప్పుడో దొరల కాలంలో వచ్చిన పళ్ళెం వాళ్ళ చర్చిది, అందులో నలభై గుంతలు, ఒక్కో గుంతలో ఒక్కో గ్లాసు దిగుతుంది. గ్లాసులు మాత్రం ఏడాదికి ఒకటీ అరా చేయిజారి, ఇప్పటికి పంతొమ్మిది మిగిలాయి. బల్ల తీసుకునేవాళ్ళు ముప్పై ఎనిమిది మంది. అందుకని ముందు మగవాళ్ళ వైపు పళ్ళెం తిరుగుతుంది, తరువాత చర్చి పనులు చూసే శీనమ్మ ఆ గ్లాసులు వెనక గదిలో బేసిన్లో ముంచి కడిగి మళ్ళీ నింపుతుంది, అప్పుడు ఆడవాళ్ళ వైపు వస్తుంది. నెల్లూరులో వెతికించారు, మద్రాసు నుంచి తెప్పించారు, ఏవీ ఆ గుంతల్లో కూర్చోలేదు. స్టీలువి చేయిద్దామంటే సంఘం పెద్దలు ఒప్పుకోలేదు. ఇన్నేళ్ళు ఎవరికీ పట్టలేదు, ఒకరు తాగిన గ్లాసులో ఇంకొకరు తాగారు, ఎవరికీ ఏమీ కాలేదు. రాజమోహన్‌కు క్షయ వచ్చిందని ఊరికి తెలిసే దాకా. రాజమోహన్ అంటే వేరే ఎవరో అయితే రెబెకమ్మ కూడా ఇంత దూరం వచ్చేది కాదేమో, రాజమోహన్ ఆమె మొగుడు.

పెట్టె మూల మెత్తగా అణిగి ఉంది. వేలితో తడిమితే లోపలికి పోతోంది. అసలు ఇదొక కట్టడమా, అనుకుంది రెబెకమ్మ, భయంలోనుంచి కోపం పొడుచుకొచ్చి. పక్క ఊరికి నువ్వులుండలు పంపినా మన ఆడవాళ్ళు పెట్టె చుట్టూ గుడ్డ చుట్టి, దబ్బనంతో కుట్టి, కుట్టు కుట్టుకూ లక్క వేసి తెస్తారు, అంత చేసినా ఆమె ఊపి చూసి, లోపల ఇంకొంచెం వరిగడ్డి కూరుకుని రాపో అని తిప్పి పంపుతుంది. ఇది అమెరికా నుంచి సముద్రం దాటి వచ్చింది. గుడ్డ లేదు, కుట్టు లేదు, లక్క లేదు. పైన పిల్లల బూట్ల బొమ్మ, చుట్టూ ఒక్క వరస గోధుమరంగు టేపు. బూట్లు తీసేసి అదే డబ్బాలో గ్లాసులు పోసి, టేపు అంటించి పంపేసింది ఆ మహాతల్లి. ఆమె ముఖం ఎవరూ చూడలేదు, చూసే మార్గం కూడా లేదు. హైదరాబాదులో కంప్యూటర్ల కంపెనీలో పనిచేసే తమ్ముడు దయాసాగర్ జూన్ నెలలో ఫోన్ చేసి, అక్కా, కంప్యూటర్లో వేలం పాట జరుగుతా ఉండాది, మన చర్చి గ్లాసుల మాదిరివే, కొలత కూడా సరిపోయింది, పాడమంటావా అన్నాడు. వేలం అనగానే ఆమెకు చెరువు చేపల పాట గుర్తొచ్చింది, గట్టు మీద జనం, ఒకటోసారి రెండోసారి అని అరుపులు, మీసాలు, తిట్లు. పాడేవాళ్ళు కనపడతారా అని అడిగింది. కనపడరక్కా అన్నాడు. అమ్మే మనిషి? ఆమే కనపడదు, ఎవరో ముసలామె అంట, వాళ్ళ ఊరి చర్చి మూసేస్తే ఆ సామాను అమ్ముకుంటా ఉండాది. కనపడని మనిషి దగ్గర కనపడని వస్తువును కనపడని వాళ్ళతో పోటీపడి కొన్నామన్నమాట, అని అప్పుడు నవ్వింది కూడా. ఇప్పుడు నవ్వు రావడం లేదు.

ఆత్మకూరు పోస్టాఫీసులో గుమాస్తా పెట్టెను కౌంటరు మీద పెట్టినప్పుడే చప్పుడు వినిపించింది. ఆ అబ్బాయికి ఆమె బాగా తెలుసు. "అక్కా, లోపల గలగలమంటా ఉండాది. ఈడ్నే నా ముందర విప్పి చూసుకో. సంతకం పెట్టేసినాక మళ్ళీ ఎవురూ ఏం చెయ్యలేరు. నీకు నేను చెప్పాల్నా?" అన్నాడు. నిజమే, ఆమెకు ఒకరు చెప్పాల్సిన సంగతి కాదు, ఆమే పది మందికి చెప్పే సంగతి. పెట్టె నలిగి ఉంటే సంతకానికి ముందే విప్పించండయ్యా అని. అయినా ఆమె సంతకం పెట్టేసింది. ఎందుకంటే వాళ్ళ చర్చిలో ఒక కట్టుబాటు ఉంది, బల్లకు ఇచ్చింది బల్ల మీదే విప్పాలి. ఇచ్చినవాళ్ళు ముందు విప్పి, చూసుకుని, మురిసి, మళ్ళీ కట్టి తెస్తే అది ఇచ్చినట్టు కాదని పాతకాలం వాళ్ళ పట్టింపు. బల్లగుడ్డయినా, గంటకు తాడయినా, అయ్యగారు ప్రార్థన చేసి అందరి ముందూ ముడి విప్పాల్సిందే. రేపు ఆదివారం. రేపు పది గంటలకు ఈ బూట్ల డబ్బాను తెల్లటి గుడ్డ పరిచిన బల్ల మీద పెడతారు, అయ్యగారు ప్రార్థన చేస్తారు, ముప్పై ఎనిమిది మంది మెడలు సాచి చూస్తుండగా టేపు లాగుతారు. అందులోంచి గాజుపెంకులు రాలతాయి. ఆ తరువాత ఏమవుతుందో ఆలోచించడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. కిటికీలోంచి బయటకు చూసింది. ఎండకు చిల్లచెట్లు తెల్లగా దుమ్ము పట్టి ఉన్నాయి.

అందరి సంగతి తరువాత, రాజమోహన్ ఏమంటాడు? మే నెలలో అన్నాడు కదా, అన్నం తింటూ, తల ఎత్తకుండా, తలా ఒక గ్లాసు ఉన్న రోజు బల్లకు వస్తాలే అని. కోపంగా అని ఉంటే ఆమె కూడా నాలుగు మాటలు అని ఉండేది. నవ్వుతూ అన్నాడు. అప్పటి నుంచి అయిదు బల్ల ఆదివారాలు ఇంట్లోనే ఉండిపోయాడు. సొసైటీ గోడౌనులో తూకాలు చూసే మనిషికి చర్చిలో పాటే ప్రాణం, మగవాళ్ళ వైపు నుంచి అతను గొంతు ఎత్తితే కానీ మిగతా వాళ్ళు అందుకునేవాళ్ళు కాదు. ఇప్పుడు ఆదివారం పొద్దున చర్చిలో పాట మొదలయ్యేటప్పటికి ఇంటి వెనక సైకిలు తుడుస్తూ ఉంటాడు, తుడిచిన సైకిలునే తుడుస్తూ ఉంటాడు. రేపటికి ఆరు. రెండువేల సంవత్సరం వస్తే లోకం ఉండదని అయ్యగారు వారం వారం చెబుతున్నారు, అంటే రేపటిది కాక ఇంకో రెండు బల్లలే మిగిలాయి. ఈ లెక్క తోచగానే ఆమెకు ఒళ్ళు జలదరించింది, పోస్టాఫీసు నడిపే దానివి నీకు బుద్ధుండాలి అని తనను తాను తిట్టుకుంది కూడా, కానీ జలదరింపు ఆగలేదు.

పక్క సీట్లో ఉన్న మనిషి ఆమెను చాలాసేపటి నుంచి గమనిస్తోంది. కాళ్ళ దగ్గర సీతాఫలాల బుట్ట. పేరు మాలకొండమ్మ అని ఆమే చెప్పింది, ఎవరూ అడగకుండానే, కొండ మీద కాయలు కోసి ఆత్మకూరులో అమ్ముకుని మిగిలినవి వెనక్కి తీసుకుపోతున్నానని కూడా చెప్పింది. "ఏమ్మే, ఇందాకట్నించీ చూస్తా ఉండా, అట్టా కావిలించుకున్నావు. ఏంది దాంట్లో?" రెబెకమ్మ చెప్పక తప్పలేదు, గాజుసామాను అంది. "గాజుసామానా! ఉత్త అట్టపెట్టెలోనా? ఎవురుమే కట్టింది, చేతులిరగ. నా కాయలకుండే పాటి మెత్త నీ గాజుకు లేదే." అంటూనే బుట్ట అడుగు నుంచి రెండు గుప్పెళ్ళ వరిగడ్డి లాగి, పెట్టె ఎత్తించి, రెబెకమ్మ ఒళ్ళో పరిచి మళ్ళీ పెట్టెను దాని మీద కూర్చోబెట్టింది. అమెరికాలో ఎవరికీ తోచని పని ఈమెకు ఒక్క క్షణంలో తోచింది. గడ్డి చీరలోంచి గుచ్చుకుంటున్నా రెబెకమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "వొణకతా ఉండావేందిమే? కాసిని నీళ్ళు తాగు" అని మాలకొండమ్మ సీసా ఇచ్చింది. రెబెకమ్మ తల వెనక్కి వాల్చి, సీసా ఎత్తి పట్టుకుని, పెదవికి తగలకుండా గొంతులోకి పోసుకుంది. బస్సు కుదుపుకు సగం నీళ్ళు మెడ మీద పడ్డాయి.

ఎత్తి తాగడం. అందరూ ఎత్తే తాగుతారు, ఎవరి చెంబయినా, ఎవరి సీసా అయినా, ఎంగిలి కాకుండా. కానీ వేలెడంత గ్లాసును ఎత్తి పోసుకోలేరు, పోసుకోబోతే ముక్కులోకి పోతుంది. దాన్ని పెదవికి ఆనించాల్సిందే. అక్కడే వచ్చింది చిక్కంతా. మొగోళ్ళు తాగిన గ్లాసులు గదా మనకొచ్చేది, ఆయన తాగింది ఎవురికి వస్తాదో ఏమో అని బోరింగు దగ్గర ఆడవాళ్ళు అనుకుంటున్నారని శీనమ్మ వచ్చి మెల్లగా చెవిన వేసింది, చెప్పి తనే ఏడ్చింది. సంఘపెద్ద ఆదెయ్య ఇంటికే వచ్చాడు, అరుగు మీద కూర్చున్నాడు, లోపలికి రాలేదు. "ఏం అనుకోబాకమ్మా, ఇంటి కాణ్ణించి ఒక గ్లాసు తెచ్చుకోమను. జనం నోరు మూతబడతాది." ఆ రోజు రెబెకమ్మకు వచ్చిన కోపం ఊరంతా విన్నది. మాత్రలు ఆరు నెలలు మింగినాడు, కళ్ళె పరీక్షలో ఏమీ లేదన్నారు, డాక్టరు కాగితం ఉండాది, చూస్తారా, చూపించాల్నా, అని వీధిలోకి వచ్చి అరిచింది. మొగుడికి చీకూ చింతా రానివ్వని ఇల్లాలని అందరూ అనుకున్నారు. రాజమోహన్ కూడా అనుకున్నాడు. తలుపు చాటున నిలబడి విన్నాడు, ఆమె లోపలికి వస్తే ఆమె తల మీద చెయ్యి పెట్టాడు. ఆ చేయి బరువు ఇప్పటికీ అక్కడే ఉంది.

ఆ అరిచిన ఇల్లాలే గదా, అనుకుంది రెబెకమ్మ, ఆ ఇల్లాలి వంటింట్లో స్టాండు పై అరలో ఒక గ్లాసు ఒంటరిగా ఉండేది, ఉంది, ఈ పొద్దున కూడా ఉంది. ఒక కంచం, ఒక గ్లాసు. వేడినీళ్ళలో వేరుగా మరిగించి, వేరే గుడ్డతో తుడిచి. ఒకే గ్లాసులో తాగినా ఇంక ఏం కాదమ్మా అని డాక్టరు నవ్వుతూ చెబితే సరే సార్ అని తల ఊపింది, ఇంటికొచ్చి గ్లాసు కడిగి మళ్ళీ పై అరలోనే పెట్టింది. చేయి దానంతట అదే అక్కడికి పోయింది. రాజమోహన్ ఆ గ్లాసును కూడా ఎత్తే తాగుతాడు, తన సొంత గ్లాసును, తన సొంత ఇంట్లో, పెదవి తగిలించకుండా. ఎందుకలా తాగుతావని ఆమె ఒక్కసారీ అడగలేదు.

బస్సు ఏదో ఊళ్ళో ఆగింది. దిగేవాళ్ళ మోచేతులు తగలకుండా ఆమె పెట్టె మీదికి వంగింది, చెవి అట్టకు ఆనింది. బస్సు ఆగి ఉన్నా లోపల ఏదో సన్నగా, ఇసుక రాలినట్టు, సర్దుకుంటోంది. నాయన గొంతులో కూడా ఇలాగే ఉండేది. అనంతసాగరం దగ్గర వాళ్ళ నాయన, గొడ్లపాక పక్కన నులకమంచం మీద, ఊపిరి తీస్తే ఇసుక రాలినట్టు, దగ్గితే మంచం కోళ్ళు కదిలినట్టు. ఆయన సత్తుగ్లాసును పాక రాటకు మేకు కొట్టి తగిలించేది అమ్మ. అప్పుడు రెబెకమ్మకు తొమ్మిదేళ్ళు, దయాసాగర్ చంకలో పిల్లవాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆడి ఆడి వచ్చి, దాహానికి ఆగలేక, మేకుకున్న గ్లాసు తీసి తొట్లో నీళ్ళు ముంచుకుని గటగటా తాగేసింది. అమ్మ చూసింది. వీపు మీద పడిన దెబ్బ కాదు ఆమెకు గుర్తున్నది, అమ్మ ముఖం. నోట్లో గుప్పెడు ఉప్పు కుక్కి, పుక్కిలించు పుక్కిలించు అంటూ మెడ వంచి పట్టుకుంది. మంచం మీద నుంచి నాయన చూస్తున్నాడు. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ వానాకాలంలోనే పోయాడు, గ్లాసును కూడా ఆయనతో పాటే గుంతలో వేశారు. అప్పటి నుంచి, ఇరవై తొమ్మిదేళ్ళుగా, జలుబు చేసి దగ్గినప్పుడల్లా రెబెకమ్మ గుడ్డ అడ్డం పెట్టుకుని, తీసి, గుడ్డలో ఎర్రగా ఏమైనా ఉందా అని చూసుకుంటుంది. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలియదు, దేవుడికి తప్ప.

మొన్న తెల్లవారుజామున రాజమోహన్ దగ్గాడు. ఒకటి, రెండు, మూడు. ఆమె కళ్ళు తెరవకుండా లెక్కపెట్టింది. నాలుగోది వస్తే ఏం చేయాలో ముందే తెలిసిపోయినట్టు ఒళ్ళు బిగుసుకుపోయింది. నాలుగోది రాలేదు. అతను లేచి మెల్లగా తలుపు తీసుకుని బయటకు వెళ్ళి కూర్చున్నాడు. ఆమె నిద్రపోతున్నట్టే పడుకుంది. దుమ్ముకయి ఉంటుంది, ఎరువుల గోడౌను కదా, దుమ్ముకే. మూడే కదా. నాయనకు మూడుతోనే మొదలైందా? అది మాత్రం ఎంత తవ్వినా గుర్తుకు రావడం లేదు.

ఆదెయ్యను అంటారు అందరూ. ఏప్రిల్ నెల బల్ల నాడు రాజమోహన్ గ్లాసుకు గుర్తు పెట్టించింది ఆదెయ్యే అని. ఆయన కాదు అని ఒట్టు వేసినా ఎవరూ నమ్మలేదు, పాపం, ఇంటి నుంచి గ్లాసు తెచ్చుకోమన్న మనిషి కదా. రెబెకమ్మ కూడా ఆ మాట వింటూ నోరు మెదపకుండా నిలబడింది. ముందురోజు శనివారం, ఇలాంటి శనివారమే, పళ్ళెం సిద్ధం చేసే వంతు ఆమెది. చర్చి వెనక గదిలో ఒక్కతే. గ్లాసులన్నీ తుడిచి గుంతల్లో పెడుతూ, బల్ల అయ్యాక శీనమ్మ వీటిని ఒక్కసారి నీళ్ళలో ముంచి ఇస్తుంది, తను ముందు వరసలో కూర్చుంటుంది, అతని గ్లాసు ఏది, తనకొచ్చేది ఏది, అని ఆలోచన మొదలైంది. నోట్లో ఉప్పు రుచి వచ్చింది. చేతిసంచిలో పోస్టాఫీసు లక్క ముక్క ఉంది, తపాలా సంచికి సీలు వేసేది. కొవ్వొత్తి వెలిగించి, లక్క కరిగించి, ఒక గ్లాసు అడుగున ఒక్క చుక్క వేసింది. కందిగింజంత. పళ్ళెం చివరి గుంతలో పెట్టింది. దగ్గు వచ్చినప్పటి నుంచి అతను చివరి బెంచీలోనే కూర్చుంటున్నాడు, చివరి గ్లాసే అతనికి మిగులుతుంది. శీనమ్మ చేతికి పళ్ళెం ఇస్తూ, అడుగున ఎర్రచుక్క ఉండేదాన్ని మళ్ళీ నింపబాక, పక్కన పెట్టేయ్, పెద్దలు చెప్పినారు అంది. అదొక అబద్ధం. పది మంది నోళ్ళు మూయించడానికి చేశానని ఇన్ని నెలలు తనకు తాను చెప్పుకున్నది రెండో అబద్ధం. ఊరి ఆడవాళ్ళ కోసం కాదు, నా కోసం, నా పెదవి కోసం. ఈ మాట లోపల పూర్తిగా అనుకున్నది ఈ రోజే, ఈ బస్సులోనే. అనుకోగానే చేతుల కింద పెట్టె మళ్ళీ గల్లుమంది.

అతను తాగుతూ గ్లాసు ఎత్తాడు. రసం అయిపోయేసరికి గాజులోంచి ఎర్రగా కనపడింది. ఆడవాళ్ళ వైపు నుంచి ఆమె చూస్తూనే ఉంది. గ్లాసు తిరగేశాడు. గోటితో ఒకసారి గీకాడు. మళ్ళీ పళ్ళెంలో పెట్టి చేతులు కట్టుకుని కూర్చున్నాడు, ఆఖరి పాట పాడలేదు. ఆ మధ్యాహ్నమే ఆమె వెళ్ళి చుక్కను గీకి పారేసింది. చూసిన ఒకరిద్దరు రంగు అన్నారు, గోళ్ళరంగు అన్నారు. లక్క అని ఎవరూ అనలేదు. కానీ అతను గోటితో గీకాడు కదా. పదకొండేళ్ళుగా సాయంత్రం పూట ఆమె సంచికి సీలు వేస్తుంటే పక్కన కూర్చుని కొవ్వొత్తి పట్టుకునేది అతనే కదా. లక్క వాసన అతనికి తెలియదా? పల్లె మొత్తం మీద లక్క ఉండే ఇల్లు ఒక్కటే. తెలిసి ఉంటుందా, తెలియకుండా ఉంటుందా, తెలిస్తే ఎందుకు అడగలేదు, అడగలేదంటే తెలియనట్టేనా. ఆరు నెలలుగా గానుగెద్దులా ఇదే తిరుగుడు. అందుకే కదా తమ్ముడి వెంట పడి, కనపడని వేలంలో పాడించి, సముద్రం మీద మూడు నెలలు ఎదురుచూసి, తలా ఒక గ్లాసు తెస్తున్నది. తలా ఒకటి ఉంటే గుర్తు అక్కర్లేదు. గుర్తు సంగతి ఎవరూ ఎత్తరు. ఆమె అతని తరువాత తాగక్కర్లేదు, తాగడానికి భయపడిందని ఎవరికీ తెలియక్కర్లేదు. ఈ బూట్ల డబ్బాలో ఆమె దాచుకున్నది అదీ.

దూరంగా ఉదయగిరి దుర్గం కనపడింది, నీలంగా, కొండ మీద కొండ. మాలకొండమ్మ గడ్డి వెనక్కి తీసుకోలేదు. "ఉంచుకో మే, గాజు కంటే గడ్డి మేలు" అని నవ్వి, వద్దంటున్నా రెండు సీతాఫలాలు పెట్టె పక్కన పెట్టింది. పల్లె మలుపులో బస్సు ఆగింది. రెబెకమ్మ దిగేసరికి కల్వర్టు గోడ దగ్గర సైకిలుతో రాజమోహన్ ఉన్నాడు. తెల్లచొక్కా వేసుకున్నాడు. ఇస్త్రీ చేసుకున్నాడు. రేపటి కోసం చేసుకుని ఆగలేక ఇవాళే వేసుకున్నాడని ఆమెకు అర్థమైంది.

"వచ్చినాయా?" అన్నాడు, పెట్టె అందుకుంటూ.

"వచ్చినాయి."

అతని చేతుల్లో పెట్టె గల్లుమంది. ఇద్దరూ విన్నారు. బస్సు వెళ్ళిపోయింది, దుమ్ము మెల్లగా కిందికి దిగింది. అతను పెట్టెను మళ్ళీ కదిలించలేదు, నిద్రపోయే బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని నిలబడ్డాడు. "ఇంటికి పోదాం పా. రేపు బల్ల మీద విప్పుతారు గదా" అన్నాడు. అన్నాడే కానీ ముఖం పాలిపోయింది. అది చూసి ఆమె పెట్టెను అతని చేతుల్లోంచి లాక్కుని కల్వర్టు గోడ మీద పెట్టింది. కట్టుబాటు తప్పుతున్నానని తెలుసు. గోరుతో టేపు చీల్చింది.

వాళ్ళ దేశపు పేపరు ఒక్క షీటు, పైన కప్పి. కింద గ్లాసులు ఒకదాని మీద ఒకటి, మధ్యలో ఏమీ లేదు. ఆమె ఒక్కొక్కటే పైకి తీసింది. పగిలినవి ఒకవైపు, నిలిచినవి గోడ మీద వరసగా. ఆమె వేలు తెగింది, చూసుకోలేదు. నిలిచినవి పదకొండు. మళ్ళీ లెక్కపెట్టింది, పదకొండే. అక్కడ పంతొమ్మిది, ఇక్కడ పదకొండు, ముప్పై. ఎనిమిది తక్కువ.

రాజమోహన్ కూడా లెక్క వేసినట్టున్నాడు. "పోనీలే రెబెకా" అన్నాడు, గొంతు తేలిగ్గా పెట్టుకుని. "మగోళ్ళకు, ముసలోళ్ళకు సరిపోతాయి. నేను ఇంటికాడ్నే ఉంటాలే." అని, ఏదో ఒకటి చేయాలి కాబట్టి, ఆ పదకొండింటిలో ఒకటి చేతిలోకి తీసుకున్నాడు. ఎండకు పెట్టి చూశాడు. బాగుండాదే అన్నాడు. తరువాత దాన్ని తిరగేసి అడుగు చూశాడు. చూడాలని చూడలేదు, చేతికి అలవాటైపోయినట్టు బొటనవేలితో అడుగు తడిమాడు. ఆరు నెలలుగా ఇంట్లో ఏ గ్లాసు తీసినా ఇలాగే తడుముతున్నాడా, ఆమె ఎప్పుడూ ఎందుకు చూడలేదు?

"నేనే పెట్టినాను," అంది రెబెకమ్మ. "ఆ చుక్క. ఆదెయ్య కాదు. నేను."

అతను గ్లాసు మీది నుంచి చూపు ఎత్తలేదు. "తెల్సు. లక్క ఇంకెవురి కాడ ఉండాది?"

"మరి ఎందుకు అడగలా?"

"అడిగితే ఏం చెప్తావు? భయమేసిందంటావు." అతను గ్లాసును వరసలో దాని చోట జాగ్రత్తగా పెట్టాడు. "నాకూ భయమే. రెండేండ్ల నించీ నేను నిన్ను ముట్టుకోవాలన్నా భయమే."

అతను దగ్గాడు, పక్కకు తిరిగి, ఒక్కసారి. దుమ్ముకో, దేనికో. ఆమె ఒళ్ళంతా ఎప్పటిలాగే బిగుసుకుంది, రెండోదాని కోసం చెవులు ఎదురుచూశాయి. సైకిలు హాండిలుకు అతని నీళ్ళసీసా వేలాడుతోంది. రెబెకమ్మ దాన్ని తీసింది, అతను పెట్టిన గ్లాసే తీసి, ఒకసారి కడిగి పారబోసి, నిండా పోసి అతనికి ఇచ్చింది. "తాగు" అంది. "ఎత్తబాక. ఆనించి తాగు." అతను ఆమె ముఖంలోకి చూశాడు. పెదవికి ఆనించి తాగాడు. గాజు అంచున పెదవి తడి నిలిచింది.

ఆమె చేయి చాచి గ్లాసు తీసుకుంది. మళ్ళీ పోసింది, కడగకుండా. నోట్లో ఉప్పు రుచి ఊరింది, అమ్మ ముఖం కనపడింది, గోడ వైపు తిరిగిన నాయన వీపు కనపడింది. భయం పోతుందేమోనని ఒక్క క్షణం ఆగింది. పోలేదు. ఆ భయంతోనే, అతని పెదవి తగిలిన చోటే తన పెదవి ఆనించి తాగింది.

"రేపు నీ గ్లాసు కడగబాకమని శీనమ్మకు చెప్తా," అంది. "అట్నే నింపి నాకే తెమ్మంటా. అందరి ముందరా."

రాజమోహన్ వంగి పెట్టెలోని గాజుపెంకులన్నీ ఏరి, ఎవరి కాళ్ళకూ గుచ్చుకోకుండా ఆ పరదేశపు పేపర్లోనే చుట్టాడు. ఆమె మాలకొండమ్మ గడ్డిని బూట్ల డబ్బా అడుగున పరిచి, పదకొండు గ్లాసులూ ఒక్కొక్కటిగా పడుకోబెట్టి, మధ్య మధ్య గడ్డి కూరింది. ఊపి చూసింది. చప్పుడు రాలేదు.